అర్ధరాత్రి పిక్క పట్టేస్తే...

షోలాపూర్ పూర్వ భాగ్‌లో మా మేనత్త ఇల్లు. పక్కింటి గోడ అవతల మరమగ్గాలు ఆడుతూనే ఉంటాయి. ఆ చప్పుడుకు అలవాటు పడినవాళ్లకు అదే జోలపాట. కిందటి చలికాలం ఆ ఇంట్లో పడుకున్న రాత్రి నన్ను లేపింది మాత్రం మగ్గం చప్పుడు కాదు, అత్త కేక.

"అమ్మో... పట్టుకుంది, పట్టుకుంది!"

దీపం వేసి చూస్తే కుడికాలు కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. పిక్క మీద ఉడకబెట్టిన గుడ్డంత గడ్డ లేచింది. పాదం కిందకు వంగిపోయింది. అత్త రెండు చేతులతో పిక్కను పట్టుకుని గట్టిగా పిసుకుతోంది. మామ మాత్రం కంగారుపడలేదు. "పిసుకకు, లేచి నిలబడు. మడమ నేలకు పెట్టు, బరువు ఆ కాలు మీద వెయ్" అంటూ రెక్క పట్టి లేపాడు. అరనిమిషం గడిచిందో లేదో, గడ్డ కరిగిపోయింది. అత్త మంచం మీద కూలబడి, "చూస్తివా అల్లుడా, వారంల నాలుగు రాత్రులు ఇదే తిప్పల. కన్ను మూయాలంటేనే భయమైతుంది" అంది.

ఆ తిప్పల ఒక్క మా అత్తది కాదు. యాభై దాటిన ఇళ్లలో అడిగి చూడండి, ఇద్దరిలో ఒకరైనా "నాకూ అంతే" అంటారు. పగలంతా బాగానే ఉంటుంది. పడుకున్నాక, నిద్ర పట్టే వేళకో తెల్లవారుజామునో, పిక్కలోనో అరికాల్లోనో అప్పుడప్పుడు తొడలోనో కండరం తనంతట తాను ముడుచుకుపోతుంది. కొన్ని సెకన్లలో వదలొచ్చు, పది నిమిషాలూ పట్టొచ్చు. వదిలాక కూడా మర్నాడంతా దెబ్బ తగిలినట్టు నొప్పి. ప్రాణం మీదకు తెచ్చే జబ్బు కాదు కాబట్టి డాక్టరుకు చెప్పడానికి మొహమాటం. కానీ నెలల తరబడి నిద్ర లేకపోతే మనిషి ఏమవుతాడో వేరే చెప్పాలా?

'నరం' కాదు, కండరం

మనవాళ్లు ఎక్కడున్నా దీనికి చెప్పే మాట ఒకటే: "నరం పట్టేసింది", "నరం గుంజుతుంది". తెలుగులో నరం అంటే అన్నీ నరాలే. చేతి మీద పచ్చగా కనిపించే రక్తనాళం నరమే, మడమ వెనక తాడులాంటి స్నాయువు నరమే, తిమ్మిరెక్కేదీ నరమే. ఇంట్లో మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదు. దవాఖానాలో ఆ మాటను మరాఠీలోకో కన్నడంలోకో తిప్పి చెప్పినప్పుడే చిక్కు. విన్న డాక్టరు నరాల జబ్బు అనుకుంటాడు, 'నరాల బలానికి' సూది రాస్తాడు. మా అత్త అలాంటి సూదులు వరసగా పది వేయించుకుంది. పిక్క మాత్రం పట్టడం మానలేదు.

ఇరుగుపొరుగు భాషలు ఈ విషయంలో మనకంటే సూటిగా ఉన్నాయి. మరాఠీలో పిక్కను పోటరీ అంటారు. "రాత్రీ పోటరీత్ గోళా యేతో" అంటే చాలు, పిక్కలో ఉండ కడుతోందని డాక్టరుకు ఇట్టే అర్థమవుతుంది. బళ్లారి, రాయచూరు, కోలారు వైపు కన్నడంలో పిక్క మీనఖండం. "రాత్రి మీనఖండ హిడిదుకొళ్ళుత్తదె" అనండి. హోసూరు, కృష్ణగిరి వైపు తమిళంలో కెండైక్కాల్. "రాత్రి కెండైక్కాల్ ఇళుత్తు పిడిక్కుదు" అంటే సరిపోతుంది. కన్నడంలో మీనం చేపే, తమిళంలో కెండై కూడా చేపే. పిక్క కండరం ఆకారం చూసి పెట్టిన పేర్లు కాబోలు. పట్టేసినప్పుడు అది చేపలాగే ఎగిరెగిరి పడుతుంది మరి! భాష రాకపోతే మొహమాటం వద్దు. పిక్క మీద చెయ్యి వేసి, పిడికిలి బిగించి వదిలి చూపించండి. ఏ వేళకు వస్తోంది, వారానికి ఎన్నిసార్లు, రెండు కాళ్లలోనా ఒక్కదాన్లోనా... ఈ మూడూ చెబితే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.

ఎందుకు పడుతుంది?

చాలామందిలో ఇదీ కారణం అని వేలు పెట్టి చూపించలేరు. తెలిసినంతవరకు సంగతి ఇది: కండరాన్ని ముడవమని ఆజ్ఞ ఇచ్చే నాడి అతిగా ఉద్రేకపడి, ఆపకుండా ఆజ్ఞలు ఇస్తూనే ఉంటుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు పాదం దానంతటదే కిందకు వాలుతుంది. అంటే పిక్క కండరం అప్పటికే సగం ముడుచుకుని ఉన్నట్టు. ఆ స్థితిలో ఇంకాస్త ముడుచుకుంటే బిగుసుకుపోతుంది. బరువైన దుప్పటిని మంచం చివర గట్టిగా దోపితే పాదం మరింత వంగుతుంది. చలికాలంలో దుప్పటిని వదులుగా ఉంచుకోమనేది అందుకే.

వయసు పెరిగేకొద్దీ కండరం తగ్గుతుంది, స్నాయువులు పొట్టివవుతాయి. పగలంతా ఒకే భంగిమలో ఉండే పని కూడా తోడైతే కండరం అలిసిపోతుంది. మా మామ ముప్పై ఏళ్లకు పైగా మగ్గం ముందు పన్నెండు గంటల పాళీ నిలబడ్డాడు. అత్త ఒళ్లో చాట పెట్టుకుని, కాళ్లు మడిచి, పొద్దంతా బీడీలు చుట్టింది. ఒకరిది నిలబడే పని, ఒకరిది కూర్చునే పని. పిక్కలకు సాగడం అన్నది ఇద్దరికీ లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి తాతల నాడు వచ్చి ఈ ఊరి చద్దర్లు, తువ్వాళ్లు నేసిన ఇళ్లన్నింటిలోనూ ఇదే కథ.

గర్భిణులకు ఐదో నెల దాటాక ఇది చాలా మామూలు. కాన్పు తర్వాత ఎక్కువమందిలో తగ్గిపోతుంది. షుగరు, థైరాయిడ్ తగ్గడం, కిడ్నీ జబ్బు, లివరు జబ్బు, ఉబ్బిన సిరలు, నడుములో వెన్నుకాలువ ఇరుకవడం, అతిగా తాగడం కూడా దీన్ని వెంటబెట్టుకొస్తాయి. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు ఆ మంచం మీదే పిక్కలు పట్టడం తెలిసిన బాధే.

ఎండాకాలం ఎండలో, బట్టీ దగ్గర, గాలాడని షెడ్డులో చెమటలు కక్కి పనిచేసినప్పుడు పట్టే పిక్కలు వేరు. అవి ఉప్పు, నీరు పోవడం వల్ల వచ్చేవి. దానికి లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగడమే మందు. రాత్రి పడుకున్నాక పట్టేవాటికి నీళ్లు తాగకపోవడమే కారణమని ఊళ్లో అంతా చెబుతారు. అన్ని కేసుల్లో అది నిజం కాదు.

పట్టినప్పుడు చేయాల్సింది

మా మామ చేసిందే సరైన పని. ముడుచుకున్న కండరాన్ని సాగదీయాలి. లేవగలిగితే లేచి, మడమ నేలకు ఆనించి, ఆ కాలు మీద బరువు వేయాలి. లేవలేకపోతే మోకాలు చాపి, కాలి వేళ్లను చేత్తో పట్టుకుని మోకాలివైపు లాక్కోవాలి. చెయ్యి అందకపోతే తువ్వాలును పాదం చుట్టూ వేసి రెండు కొసలూ లాగండి. కాలి వేళ్లను కిందకు చాపడం మాత్రం చేయొద్దు, ఇంకా బిగుసుకుంటుంది. నిద్రమత్తులో ఒళ్లు విరుచుకుంటూ కాళ్లు చాపినప్పుడే చాలామందికి పట్టేది ఇందుకే.

వదిలాక మెల్లగా మర్దన చేయొచ్చు. నువ్వులనూనె రాయండి, కొబ్బరినూనె రాయండి, పని చేసేది నూనె కాదు, చెయ్యి. వేడినీళ్ల కాపడం కూడా హాయిగా ఉంటుంది. షుగరు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియదు. ఇంట్లో ఇంకొకరు మోచెయ్యి పెట్టి చూశాకే కాళ్లు పెట్టండి. కంగారులో చీకట్లో లేచి పరుగెత్తొద్దు. పెద్దవాళ్లు పిక్క నొప్పికి లేచి, పడి, తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే అసలు బాధ అప్పుడు మొదలవుతుంది. మంచం పక్కన చిన్న దీపం, పట్టుకోవడానికి ఓ కుర్చీ ఉంచుకోవాలి.

నొప్పి బిళ్లలు దీనికి దండగ. బిళ్ల కడుపులో కరిగేలోపే పిక్క వదిలేస్తుంది. రోజూ రాత్రి ముందుజాగ్రత్తగా ఒకటి వేసుకునేవాళ్లూ ఉన్నారు. కిడ్నీలకు అది మంచిది కాదు. ఇచ్ఛాపురం దాటి బరంపురంలో స్థిరపడిన మనవాళ్లకు ఇది మరీ చెప్పాలి. వాళ్లలో చాలామంది బంధువులు ఉద్దానంలోనే ఉన్నారు, అక్కడి కిడ్నీ జబ్బుల బాధ వాళ్లకు తెలియనిది కాదు.

రాకుండా ఏం చేయాలి?

ఖర్చు లేని పని ఒకటుంది. పడుకోబోయే ముందు పిక్కలను సాగదీయడం. గోడకు మూరెడు, రెండు మూరల దూరంలో నిలబడి అరచేతులు గోడకు ఆనించండి. ఒక కాలు వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ లేవకుండా ముందుకు వాలండి. పిక్కలో లాగుతున్నట్టు తెలియాలి, నొప్పి పుట్టకూడదు. పది లెక్కపెట్టేదాకా ఉండి, వదిలి, మళ్లీ. ఒక్కో కాలికి మూడుసార్లు. తర్వాత చాప మీద కాళ్లు చాపి కూర్చుని, ముందుకు వంగి తొడ వెనక కండరాన్నీ అలాగే సాగదీయాలి. ఊగకూడదు, కుదపకూడదు.

నెదర్లాండ్స్‌లో 55 ఏళ్లు దాటిన 80 మందితో ఆరు వారాలపాటు ఇదే చేయించి చూశారు. 2012లో ఫలితాలు ప్రకటించారు. చేసినవాళ్లకు, చేయనివాళ్లతో పోలిస్తే, రాత్రికి సగటున ఒకటికి పైగా పట్లు తగ్గాయి. నొప్పి తీవ్రత కూడా తగ్గింది. అయితే 2005లో బ్రిటన్‌లో చేసిన మరో పరిశోధనలో పిక్కలు సాగదీసినందువల్ల పెద్ద తేడా కనిపించలేదు. కాబట్టి ఇదే రామబాణమని చెప్పలేం. పైసా ఖర్చు లేదు, నష్టం లేదు. ఆరు వారాలు చేసి చూడటానికి ఏం పోయింది? నిలబడలేని పెద్దలు కూర్చునే చేయొచ్చు. పడిపోతామనే భయం ఉంటే పక్కన మనిషి ఉండాలి.

పగలు కాసేపు నడక కూడా మంచిదే. వెల్లకిలా పడుకునేవాళ్లు పాదాల కింద, పాదం నిలువుగా ఉండేలా దిండు ఆనించుకోవాలి. బోర్లా పడుకునేవాళ్లు పాదాలను మంచం చివర బయటకు వేలాడేయొచ్చు.

ఇక బిళ్లల సంగతి. మెడికల్ షాపులో అడిగితే మొదట చేతిలో పెట్టేది మెగ్నీషియం. పరిశోధనలన్నీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2020లో తేల్చింది ఏమిటంటే, పెద్దవయసు వాళ్లలో దీనివల్ల చెప్పుకోదగ్గ లాభం ఉండకపోవచ్చని. గర్భిణుల విషయంలో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. అరటిపండు, కొబ్బరినీళ్లు ఆహారంగా మంచివే, పిక్కకు మందు అనుకుని తాగితే మాత్రం ఆశాభంగమే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అవే ప్రమాదం. పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు. పరుపు కింద సబ్బు ముక్క పెట్టుకునే ఆచారం కూడా కొన్నిచోట్ల ఉంది. నమ్మకం ఉంటే పెట్టుకోండి, సబ్బు పాడవదు.

క్వినైన్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మన తాతలు మలేరియాకు మింగిన ఆ చేదు మందే ఇది. పిక్కల పట్లను కొంత తగ్గిస్తుందన్నది నిజం. కానీ రక్తంలో ప్లేట్‌లెట్లు ఒక్కసారిగా పడిపోవడం, గుండె లయ తప్పడం లాంటి ప్రాణాంతక దుష్ఫలితాలు కొందరిలో వస్తాయి. ఎవరికి వస్తాయో ముందుగా తెలియదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1994లోనే పిక్కల నొప్పికి చీటీ లేకుండా అమ్మకూడదని ఆపేసింది. అనుమతి లేని క్వినైన్ మందులను 2006లో మార్కెట్ నుంచి తీయించింది. రాత్రి నిద్ర కోసం అంత ప్రమాదం తలకెత్తుకోవడం తెలివైన పని కాదు. గర్భిణులు ఆ మాటే ఎత్తకూడదు.

కొత్తగా వినిపిస్తున్నది విటమిన్ కె2. చైనాలో 65 ఏళ్లు, ఆపైబడిన 199 మందిపై ఎనిమిది వారాలు చేసిన పరిశోధన 2024లో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే కె2 వేసుకున్నవాళ్లకు పట్లు బాగా తగ్గాయి. ఆశ పుట్టించేదే, కానీ ఒక్క పరిశోధన చూసి షాపుకు పరుగెత్తొద్దు. గుండె కవాటం మార్పిడి చేయించుకునో, మరెందుకో రక్తం పలచబడే వార్‌ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దీన్ని ముట్టుకోకూడదు. ఆ మాత్రల పనిని విటమిన్ కె చెడగొడుతుంది.

అత్త చేసిన పొరపాటు

మా అత్తకు బీపీ ఉంది. రోజూ వేసుకునే మాత్రల్లో ఒకటి మూత్రం ఎక్కువ పోయించేది, మనవాళ్లు 'నీళ్ల మాత్ర' అంటారు. దానివల్లే పిక్కలు పడుతున్నాయని వాడకట్టులో ఎవరో చెప్పారు. అంతే, ఎవరికీ చెప్పకుండా మానేసింది. నెల తర్వాత తల తిరుగుతోందని తీసుకెళ్తే బీపీ 190 దాటి ఉంది. డాక్టరు కేకలేశాడు. పక్షవాతం రాకుండా బయటపడటం ఆమె అదృష్టం.

చెప్పినావిడ మాటలో కొంత నిజం లేకపోలేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మందుల చీటీల లెక్కలు తీసి 2012లో ఒక పరిశోధన వెలువడింది. ఉబ్బసానికి వాడే దీర్ఘకాలపు ఇన్‌హేలర్లు, కొన్ని రకాల నీళ్ల మాత్రలు మొదలుపెట్టాక పిక్కల పట్లకు మందు అడిగేవాళ్లు పెరిగారని అందులో తేలింది. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లతో సంబంధం చాలా స్వల్పం. అందుకని మాత్ర మానేస్తే? పిక్క నొప్పి పోయి గుండె నొప్పి రావచ్చు. మీరు వాడే మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి. "వీటిలో దేనివల్లనైనా పిక్క పడుతోందా?" అని అడగండి. మార్చాలో, మోతాదు తగ్గించాలో ఆయన చూసుకుంటాడు. అత్తకు అలాగే మార్చారు. రక్తపరీక్షలో పొటాషియం కొంచెం తక్కువని తేలింది, అదీ సరిచేశారు. రాత్రిపూట గోడ దగ్గర నిలబడే పని మామ దగ్గరుండి చేయిస్తున్నాడు. మొన్న ఫోన్లో అడిగితే, "నెలకు ఒకటి రెండుసార్లు వస్తుంది అల్లుడా, అంతే" అంది.

ఇవి పిక్క పట్టడం కాదు

కొన్ని బాధలు ఇలాగే ఉంటాయి కానీ వేరు. ఒక కాలు మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి, నొప్పి వదలకపోతే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. పిసకకుండా అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి. దానికి ఆయాసం, ఛాతీనొప్పి తోడైతే క్షణం ఆగొద్దు.

కొంతదూరం నడిస్తే పిక్క పట్టి, నిలబడితే వదిలి, మళ్లీ నడిస్తే పడుతుంటే కాలికి రక్తం సరిగా అందడం లేదని అర్థం. బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. బీడీ తాగే యువకుల్లో కూడా కాళ్ల రక్తనాళాలు మూసుకుపోయే బర్జర్స్ జబ్బు కనిపిస్తుంది. కాలి వేళ్లు నల్లబడేదాకా పోతుంది అది. బీడీలు చుట్టే ఇళ్లలో బీడీ తాగేవాళ్లకు కొదవ ఉండదు కాబట్టి ఈ మాట చెప్పకుండా ఉండలేను. దీనికి మందు మానడమే. తగ్గించడం కాదు, మానడం.

పడుకోగానే కాళ్లలో ఏదో పాకుతున్నట్టు, జిలజిలలాడినట్టు ఉండి, కదిలిస్తే గానీ ఊరుకోబుద్ధి కాకపోతే అది మరో సమస్య. అందులో గడ్డ కట్టదు. ఇనుము తక్కువైన ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, రక్తపరీక్ష చేయించాలి. అరికాళ్లు మంటలు, సూదులు గుచ్చినట్టు ఉంటే షుగరు వల్ల నాడులు దెబ్బతిని ఉండొచ్చు. కండరం బలం తగ్గుతూ, చిక్కిపోతూ ఉన్నా, పగలు కూడా ఒళ్లంతా పడుతున్నా, కొత్త మందు మొదలుపెట్టిన వారంలోనే వచ్చినా చూపించుకోవాలి.

చూపించుకోవడానికి పెద్దాస్పత్రికే పోనక్కర్లేదు. బీపీ, షుగరు, ఒక రక్తపరీక్ష దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతోనే మొదలుపెట్టొచ్చు. తమిళనాడులో ఉన్న మనవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. ఇంటి దగ్గరకే వచ్చి బీపీ, షుగరు మందులు ఇచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని 2021 ఆగస్టులో మొదలుపెట్టింది తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. మంచం పట్టినవాళ్లకు ఇంటి దగ్గరే ఫిజియోథెరపీ చేయించడం కూడా అందులో ఉంది. మందులిచ్చే అమ్మాయి గుమ్మంలోకి వచ్చినప్పుడు, "అమ్మాయ్, రాత్రుళ్లు కెండైక్కాల్ పట్టేస్తోంది" అని ఓ మాట చెవిన వేయండి.